కార్వాన్ దారిలో టావెర్నియర్

పురానాపూల్‌ని పారిస్‌లోని పాంట్ న్యూఫ్ వంతెనతో పోల్చి, అందంలో అంతగా తీసిపోదని రాసినవాడు ఒకడున్నాడు. పేరు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్. పుట్టింది పారిస్‌లోనే కాబట్టి ఆ పోలికకి కాస్త విలువ ఇవ్వొచ్చు. మా ఇల్లు పాతబస్తీలో, ఆ వంతెనకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది. కానీ స్కూల్లో మాకు ఈ పేరు మ్యాచ్ ది ఫాలోయింగ్‌లో వచ్చే ఒక్క మార్కు మాత్రమే. ఎడమవైపు టావెర్నియర్, కుడివైపు డైమండ్ మర్చంట్, గీత గీసేస్తే అయిపోయింది. ఈ సెమిస్టర్ సెలవుల్లో అతని పుస్తకం ఇంగ్లిష్ అనువాదం చదివాను. ఆ గీతకి రెండు చివర్ల మధ్య ఎంత దారి ఉందో అప్పుడు తెలిసింది.

1605లో పుట్టాడు. ప్రొటెస్టెంట్ కుటుంబం. ఇంట్లో మ్యాపులు చెక్కి అచ్చువేసే పని. చిన్నప్పటి నుంచి గోడ మీదా బల్ల మీదా దేశాలే. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి యూరప్ చాలావరకు తిరిగేశాడు. 1631 ప్రాంతంలో ఇస్తాంబుల్ చేరి, పర్షియా వైపు వెళ్ళే బిడారు కోసం నెలల తరబడి ఎదురుచూశాడు. ఒంటరిగా బయల్దేరితే దొంగల చేతిలో పడటమే. అందుకే వందల మంది వ్యాపారులు, ఒంటెలు, గుర్రాలు, ఒక పెద్ద, అతని మాట మీద నడిచే గుంపు, ఇదంతా కలిస్తేనే ప్రయాణం. అలా ఎర్జురుం, తబ్రీజ్ మీదుగా ఇస్ఫహాన్ దాకా వెళ్ళాడు. అది మొదటిది. ఆ తర్వాత ఇంకో ఐదు. మొత్తం కలిపితే దాదాపు నలభై ఏళ్ళు.

రెండో ప్రయాణంలో అలెప్పో నుంచి బస్రాకి సిరియా, ఇరాక్ ఎడారి అడ్డంగా దాటాడు. దాదాపు రెండు నెలలు. అందులో సాహసం కన్నా లెక్క ఎక్కువ కనిపిస్తుంది నాకు. బావి నుంచి బావికి ఎన్ని రోజులు, ఏ నీళ్ళు తాగొచ్చు, ఏ అరబ్బు తెగ పెద్దకి ఎంత సుంకం కట్టాలి, తోలుసంచుల్లో ఎన్ని రోజుల నీళ్ళు పడతాయి. మనం గూగుల్ మ్యాప్స్‌లో చూసుకునేదంతా ఈ మనిషి నోట్ చేసుకుంటూ వెళ్ళాడు, తర్వాత వచ్చే వ్యాపారికి పనికొచ్చేలా. అతని రాతలో వర్ణన తక్కువ, దూరాలూ ధరలూ ఎక్కువ. కొన్ని పేజీలు నిజంగా బోర్ కొడతాయి, దాచడం ఎందుకు.

పర్షియా రేవుల నుంచి ఇక్కడికి ఓడ. ఒకసారి, 1652లో, గోల్కొండ సుల్తాన్ ఓడలోనే మచిలీపట్నంలో దిగాడు. అక్కడి నుంచి మద్రాసు, తర్వాత కడప వైపు గండికోట. ఆ కోటలో మీర్ జుమ్లాని కలిశాడు. ఇరాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంతో ఎదిగి, గోల్కొండకి మంత్రి అయిన మనిషి. చెప్పుల్లేకుండా కూర్చుని, కాలివేళ్ళ మధ్యా ఎడమచేతి వేళ్ళ మధ్యా ఉత్తరాలు ఇరికించుకుని ఒక్కొక్కటీ తీసి జవాబులు చెబుతున్నాడట. నాకు ఇరవై ట్యాబ్‌లు తెరిచిన బ్రౌజర్ గుర్తొచ్చింది.

దేశం లోపల ఒంటెల స్థానంలో ఎద్దులు. పదీ పన్నెండు వేల ఎద్దులతో ధాన్యం, బియ్యం, పప్పు, ఉప్పు మోసుకెళ్ళే గుంపుల గురించి రాశాడు. గుడారాల్లోనే పుట్టి గుడారాల్లోనే బతికే జనం. సన్నటి దారిలో అలాంటి గుంపు ఎదురైతే రెండు మూడు రోజులు పక్కన ఆగాల్సిందే. ఆ జనం లంబాడీలే. మన ఊళ్ళ పక్కన తండాల్లో ఉన్నవాళ్ళ ముత్తాతలు మూడున్నర శతాబ్దాల కింద ఈ నేల మొత్తానికి లాజిస్టిక్స్ అన్నమాట. మా టెక్స్ట్‌బుక్‌లో ఆ మాట లేదు.

హైదరాబాద్‌ని అతను భాగ్‌నగర్ అనే పిలిచాడు. అప్పటికి సగమే కట్టిన మక్కా మసీదుని చూశాడు. (దాన్ని పగోడా అని రాశాడు, అతనికి పెద్ద గుడి ఏదైనా పగోడానే.) అందులోని ఒక్క రాయిని తవ్వి తీయడానికి ఐదారు వందల మంది ఐదేళ్ళు పనిచేశారని, లాగడానికి 1400 ఎద్దులు పట్టాయని జనం చెప్పింది రాసుకున్నాడు. గోల్కొండ కోటకీ పురానాపూల్‌కీ మధ్య ఉన్న కార్వాన్ అప్పట్లో వజ్రాల వ్యాపారుల పేట. పేరులోనే బిడారు ఉంది. ఇప్పుడు నేను అక్కడ బస్సు దిగి ట్యూషన్‌కి వెళ్తాను.

అసలు విషయం గనులు. గోల్కొండకి తూర్పుగా ఏడు రోజుల దూరంలో, కృష్ణ ఒడ్డున కొల్లూరు. దాని పేరు గని అని రాశాడు టావెర్నియర్. ఎవరినో ఇదేంటి అని అడిగితే గని అని చెప్పి ఉంటారు, పేరనుకున్నాడు. అక్కడ అరవై వేల మంది పనిచేస్తున్నారని అతని లెక్క. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తారు, కడిగి, ఎండబెట్టి, చేటలతో చెరుగుతారు. రాయి దాచేస్తారేమోనని ఇంకో గనిలో యాభై మంది కూలీలకి పన్నెండు, పదిహేను మంది కాపలా. ఒకడు రెండు క్యారెట్ల రాయిని కంటి మూలలో దాచుకుని దొరికిపోయాడు. ఆ గనిలో కూలీ ఏడాదికి మూడు వరహాలు.

ఏడాదికి. నేను ఆ లైను రెండుసార్లు చదివాను. పెద్ద రాయి దొరికి యజమానికి ఇస్తే ఒక తలపాగా బట్ట, అరవరహా పాటి కానుక. టావెర్నియర్ దాని దగ్గర పెద్దగా ఆగడు. నీలిమందు ధర రాసినట్టే కూలి ధర రాసి ముందుకి వెళ్ళిపోతాడు. అతను రాయకపోతే ఈ మాత్రం కూడా మనకి తెలిసేది కాదు, అది నిజం. కానీ మీర్ జుమ్లా కాలివేళ్ళ దాకా గుర్తుపెట్టుకున్నవాడు, కంటిలో రాయి పెట్టుకున్నవాడి పేరు అడగలేదు. అతని మీద నాకు కోపం ఉంటే ఇక్కడే.

ఆ గని ఊళ్ళోనే చెట్టుకింద కూర్చునే పిల్లల గురించి మాత్రం ఇష్టంగా రాశాడు. వ్యాపారుల కొడుకులు, పదేళ్ళ నుంచి పదిహేను పదహారేళ్ళ దాకా. ఒక పక్క తూనిక రాళ్ళ సంచి, నడుముకి వరహాల మూట. ఎవరైనా వజ్రం తెస్తే ముందు పెద్దవాడికి ఇస్తారు, అది చేతులు మారుతూ ఎవరూ నోరు విప్పకుండా తిరిగి అతని దగ్గరకే వస్తుంది. అప్పుడు బేరం. సాయంత్రం పెద్ద వ్యాపారులకి అమ్మి లాభం పంచుకుంటారు. అంతా నాకన్నా చిన్నవాళ్ళు. పెద్దల బేరం ఇంకో రకం. ఎదురెదురుగా కూర్చుని, బట్ట కింద చేతులు పట్టుకుంటారు. మొత్తం చేయి నొక్కితే వెయ్యి, ఒక వేలు వంద, మధ్య కణుపు దాకా యాభై, వేలి చివర పది. పక్కనే కూర్చున్నవాడికి కూడా ధర తెలీదు. ఎన్‌క్రిప్షన్ క్లాసులో ఇది చెబితే ఎవరూ నిద్రపోరు.

ఇక్కడ కొన్న రాళ్ళలో 112 క్యారెట్ల నీలం రంగు వజ్రం ఒకటి. కొల్లూరుదే అయ్యుంటుందని చాలామంది అంటారు. 1668 చివర్లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి దాన్నీ, ఇంకో వెయ్యికి పైగా వజ్రాలనీ అమ్మాడు. రాజు దాన్ని మళ్ళీ సాన పట్టించాడు, 1792లో విప్లవం రోజుల్లో దొంగలు ఎత్తుకెళ్ళారు. అందులో మిగిలిన ముక్కే హోప్ డైమండ్, 45.52 క్యారెట్లు. 1958లో దాన్ని వాషింగ్టన్ మ్యూజియంకి రిజిస్టర్డ్ పోస్టులో పంపించారు, అదింకా అక్కడే ఉంది. కొల్లూరు గని పులిచింతల రిజర్వాయర్ నీళ్ళ కింద ఉంది.

టావెర్నియర్‌కి ప్రభువు హోదా వచ్చింది. జెనీవా సరస్సు దగ్గర ఓబోన్ అనే జాగీరు కొనుక్కున్నాడు. 1676లో ఆరు ప్రయాణాల పుస్తకం అచ్చయింది. కథ ఇక్కడ ఆగిపోతే బాగుండేది అతనికి. 1685లో లూయీ ప్రొటెస్టెంట్ల మత స్వేచ్ఛని రద్దు చేశాడు. అదే సమయంలో ఓబోన్ అమ్మేశాడు. ఎనభై దాటిన వయసులో మళ్ళీ బయల్దేరాడు, ఈసారి రష్యా గుండా పర్షియాకి. ఆ దారి అతనికి కొత్త. 1689లో మాస్కో దాకా వచ్చి అక్కడే చనిపోయాడు. సమాధి ఎక్కడుందో రెండు వందల ఏళ్ళ దాకా తెలియలేదు. 1876లో మాస్కోలోని పాత ప్రొటెస్టెంట్ శ్మశానంలో దొరికింది.