మాడపాటి హనుమంతరావు పంతులుగారు - తెలుగు బడి

హైదరాబాదు నగరమున నారాయణగూడలో మాడపాటివారి పేరిట నొక బాలికోన్నత పాఠశాల కలదు. 1928లో ఆ బడి వెలసిన నాటికి, నేడు హైటెక్ సిటీ యని పిలువబడు మాదాపురపు ప్రాంతము నగరమునకు దూరమైన పల్లెసీమ. ఇప్పుడచ్చటి కార్యాలయములలో వేలకొలది తెలుగు యువతులు ఉద్యోగములు చేయుచున్నారు. ఆనాడో, ఒక తెలుగు బాలిక ఇదే నగరమున మాతృభాషలో ఉన్నత పాఠశాల చదువు ముగించుటయే దుస్సాధ్యము.

పంతులుగారు 1885లో జన్మించిరి. చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, మేనమామల అండన సూర్యాపేటలో పెరిగిరి. ఉర్దూ, పారసీకములను శ్రద్ధతో నేర్చిరి. ప్రేమచందు కథలను తెలిగించినవారిలో ఆయన తొలితరమువారు. కనుక తరువాతి కాలమున ఆయన సాగించిన పోరు ఉర్దూపై ద్వేషముచే పుట్టినది కాదు. మెట్రిక్యులేషను పిదప కొన్నేండ్లు హనుమకొండలో విద్యాశాఖ గుమాస్తాగా పనిచేసిరి. ఆ దస్త్రముల నడుమ బడుల పాలన యెట్లు నడచునో ఆయనకు బాగుగా తెలిసియుండును. పిమ్మట హైదరాబాదు చేరి, 1917 నుండి న్యాయవాదవృత్తి నవలంబించిరి.

నిజాం రాజ్యమున బడులన్నింటిపై అధికారి రాజధానిలోని నాజిం తాలీమాతు. జిల్లాలలో మొహతమీములు ఆయన కన్నులు, చేతులు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. ఆంగ్లమును కాదని దేశభాషలో ఉన్నత విద్య గరపబూనిన ఆ సాహసము మెచ్చదగినదే. కాని ఆ దేశభాష ఉర్దూ. తెలంగాణమున జనబాహుళ్యపు భాష తెలుగు. పైమెట్టున ఉర్దూ నిలిచిన పిదప క్రిందిమెట్లు దానికి అనుగుణముగా సవరింపబడెను. తెలుగు మొదటి తరగతులతోనే వెనుకబడిపోయెను. పోనీ, ప్రజలే తమ సొమ్ముతో ఖానగీ బడి తెరతమన్నను ముందుగా సర్కారు అనుమతి కావలెను. పలకా బలపముల కంటె దరఖాస్తు కాగితములే ముందు!

1921 నవంబరులో వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కార మహాసభ జరిగెను. పుణేలో మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించిన ధోండో కేశవ కర్వేగారు అధ్యక్షులు. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. పంతులుగారు దానికి ప్రాణమై నిలిచిరి. తరువాత 1930లో జోగిపేట మొదలుకొని జరిగిన ఆంధ్రమహాసభలలో బడుల ప్రశ్న మాటిమాటికి చర్చకు వచ్చినది. 1935లో సిరిసిల్ల సభకు ఆయనే అధ్యక్షులు.

ఈ నడుమనే నారాయణగూడ బాలికల బడి వెలసెను. బోధన యంతయు తెలుగున. ఉన్నత తరగతులు పెట్టవలెనన్న పరీక్ష ఎవరు జరుపవలెను, పట్టా ఎవరీయవలెను? తెలుగు మాధ్యమమును రాజ్యపు విద్యాశాఖ ఆమోదింపదు. గుర్తింపు లేని చదువునకు ఆడపిల్లను పంపుమని ఏ తండ్రిని ఒప్పింపగలరు? పంతులుగారు నిజాం సరిహద్దు దాటి చూచిరి. కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయము మాతృభాషలోనే బోధింపవలెనను నియమము కలది. బడిని దానికి అనుబంధించిరి. హైదరాబాదు తెలుగు బాలికల పరీక్షలకు మరాఠీ సీమ నుండి ముద్ర వచ్చెను! తెలుగు మాటకు గేలి జరిగిన సభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి సంస్థయే తెలుగు బడికి ఆశ్రయమగుట చిత్రమైన సంగతి.

ఉడుకునెత్తురు యువకులకు పంతులుగారి మితవాదము రుచింపలేదు. విజ్ఞాపనలతో దొరతనము కదలునా యని వారి ఆక్షేపణ. అందు సత్యము లేకపోలేదు. 1944 నాటికి మహాసభ చీలిపోయెను. అయితే బడి నడుపువానికి ఉపాధ్యాయుల జీతములు, పరీక్షల గడువులు నెలనెలా వచ్చి పడును. విప్లవము వచ్చువరకు పదేండ్ల బాలిక ఆగలేదు గదా.

పంతులుగారు 1951లో హైదరాబాదు మేయరైరి. 1955లో పద్మభూషణ పురస్కారము లభించెను. 1958 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ విధానపరిషత్తుకు అధ్యక్షులుగా ఉండిరి. 1970 నవంబరులో కన్నుమూసిరి. తెలంగాణపు ఆంధ్రోద్యమ చరిత్రను తామే రెండు సంపుటములుగా రచించిపోయిరి.