చిన్న మందను విడువని కాపరి: లైమన్ జ్యూవెట్ దొరగారు

క్రిక్కిరిసిన సభను జూచి సంతసించుట యెవరికైనను సులభమే. పదిమందియు కూడని ప్రార్థనాలయమున ప్రతివారమును నిలిచి, వచ్చిన ఆ కొలదిమందికే శ్రద్ధతో బోధించుట కష్టము. సంఖ్య తగ్గిన సంఘములను మూసివేయుదమా, నిలుపుదమా యని పెద్దలు తర్కించునపుడెల్ల మాకు లైమన్ జ్యూవెట్ దొరగారి చరిత్రము స్ఫురించుచుండును. కావున దానిని సంగ్రహముగ మీ ముందుంచుచున్నాము.

వీరు 1813వ సంవత్సరమున అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున జన్మించిరి. బ్రౌన్ విశ్వవిద్యాలయమునను, న్యూటన్ వేదాంత పాఠశాలయందును విద్య నభ్యసించి, 1849లో సతీసమేతముగ నెల్లూరు చేరిరి. అచట అమెరికను బాప్టిస్టు మిషనును 1840లో నెలకొల్పిన శామ్యూల్ డే దొరగారు అనారోగ్యముచే 1846లో స్వదేశమునకు మరలియుండిరి. మూడేండ్లు మిషనరీ లేని ఆ స్థలమునకు డే దొరగారు జ్యూవెట్ దంపతులతో తిరిగి వచ్చిరి. కాని 1853లో మరల ఆరోగ్యము చెడి, ఆయన వెడలిపోయిరి. స్వల్పసంఖ్యాకులగు విశ్వాసుల భారమంతయు జ్యూవెట్ దొరగారిపై పడెను.

ఆ 1853వ సంవత్సరముననే అమెరికాలోని పెద్దలు ఈ మిషనును మూసివేయుటను గూర్చి యోచించిరి. బర్మాలో కరెను జాతివారు వేలకొలదిగ విశ్వసించుచుండగా, నెల్లూరున వ్యయమే గాని ఫలము కానరాదని వారి వాదము. మిషను పటముమీద తెలుగుదేశమున ఒకే గుర్తు ఒంటరి చుక్కవలె నుండెను. దానినే శీర్షికగా గైకొని శామ్యూల్ స్మిత్ అను కవి పద్యములు రచింపగా, పెద్దల మనస్సు కరగి, మిషను నిలిచెను. నాటినుండి దానికి ఒంటి నక్షత్రపు మిషనను పేరు కలిగెను.

ఇచట దొరగారు చేసిన పని ఆడంబరము లేనిది. తెలుగును శ్రద్ధతో నేర్చి, బజారులలోను పల్లెలలోను బోధించిరి. క్రొత్త నిబంధన తెలుగు అనువాదమును సవరించు పనియందు పాటుపడిరి. 1854 జనవరి 1వ తేదీ వేకువను ఒంగోలు చెంతనున్న కొండ నెక్కి ప్రార్థించినవారు ఐదుగురే: దొరగారు, దొరసానిగారు, నరసు అను క్రైస్తవుడు, జూలియా, రూతు అను తెలుగు స్త్రీలు. ఒంగోలునకు ఒక మిషనరీని పంపుమని వారు దేవుని వేడుకొనిరి. ఆ ప్రార్థన సఫలమగుటకు పండ్రెండేండ్లు పట్టెను.

1862లో మూసివేత ప్రశ్న తిరిగి లేచెను. ఆరోగ్యార్థము అప్పుడు స్వదేశమున నున్న దొరగారు, మీరు సాయపడకున్నను నేనొక్కడనే మరలిపోయి తెలుగువారి నడుమనే ప్రాణము విడుతునని పెద్దలకు స్పష్టముగ దెలిపిరి. వారును లోబడిరి. 1864 చివర జాన్ క్లౌ దొరగారిని వెంటగొని బయలుదేరి, 1865లో నెల్లూరు ప్రవేశించిరి.

1866లో క్లౌ దొరగారు ఒంగోలున స్థిరపడిరి. ఆ యేటనే తాళ్ళకొండపాడునకు చెందిన మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి యగు యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొంది, తనవారికి తానే బోధకుడాయెను. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో నేర్పడెను. 1876-78 నాటి క్షామమున, కూటికై వచ్చువారిని చేర్చుకొన్నట్లగునను శంకచే, క్లౌ దొరగారు బాప్తిస్మములను నిలిపివేసిరి. క్షామము తగ్గుముఖము పట్టిన పిమ్మట, 1878 జులై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

జ్యూవెట్ దొరగారు ఈ దినమును చూచుటకు జీవించియుండిరి. 1886లో స్వదేశమునకు మరలి, 1897లో దివంగతులైరి.

చిన్న సంఘములన్నియు ఒకనాటికి పెద్దవగునని మేము చెప్పజాలము. అట్టి వాగ్దానము దొరగారికిని లేకుండెను. ఫలము కానరాని యేండ్లయందును ఆయన బోధ మానలేదు, ప్రార్థన మానలేదు. ఆయన నిలిచినందుననే ఒంగోలునకు క్లౌ దొరగారు వచ్చిరి; వారు రాగా పేరయ్య వంటివారికి సంఘమున స్థానము కలిగెను. 1853లోనో 1862లోనో లెక్కపుస్తకము చూచి తలుపు మూసియుండినచో, ఆ తలుపు తట్టవచ్చినవారికి లోపలినుండి బదులు పలుకువారే లేకపోయెడివారు.

కాబట్టి సోదరులారా, మన గ్రామములలో నేడు పదిమందే కూడు ప్రార్థనాలయ మున్నచో, ఆ పదిమందికి వాక్యము చక్కగ నేర్పబడుచున్నదా, వారి బిడ్డలకు బోధించు వారున్నారా యని మొదట విచారింతము. తరువాతనే తలలు లెక్కింతము.