యల్లాప్రగడ సుబ్బారావు: సైటేషన్ల లెక్కకు అందని సైంటిస్ట్

ఒక సైంటిస్ట్ ప్రభావాన్ని ఇవాళ సైటేషన్లతో కొలుస్తున్నారు. అంటే ఆయన పేపర్‌ను మిగతా పరిశోధకులు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారన్న లెక్క. మరి 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును ఈ లెక్కన చూస్తే?

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయనో పేపర్ రాశారు. రక్తం, మూత్రం లాంటి వాటిలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి తేల్చే పద్ధతి అది. ప్రపంచవ్యాప్తంగా ల్యాబుల్లో దాన్నే వాడారు. ఆ ఒక్క పేపర్‌కే వేల సైటేషన్లు వచ్చాయి.

అయినా హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్ట్ దక్కలేదు. 1940లో లెడర్లీ ల్యాబ్స్‌కు మారారు. అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. బోదకాలు వ్యాధికి హెట్రాజాన్ మందు తెచ్చింది. అమినోప్టెరిన్ కూడా అక్కడిదే. ఆ మందుతోనే బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ కొందరు పిల్లల్లో లుకేమియాను తాత్కాలికంగా అదుపు చేయగలిగారు.

1948లో వచ్చిన ఆ పేపర్ కీమోథెరపీకి బాట వేసింది. అందులో రచయితగా సుబ్బారావు పేరు లేదు. సైటేషన్లన్నీ ఫార్బర్ టీమ్ ఖాతాలోకే వెళ్లాయి. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

అమినోప్టెరిన్ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు ఇప్పటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి రాస్తున్నారు. ఆ రోగుల లెక్క మాత్రం ఏ ఇండెక్స్‌లోనూ ఆయన పేరున పడదు.