ధర్మానంద కోశాంబి: పరేలు విహారమునకు చేరిన విద్య

విదేశవిద్య యనగా లండను, ఎడింబరో నగరములే మనవారికి స్ఫురించిన కాల మొకటి యుండెను. బారిస్టరు పట్టమునకును, వైద్యపట్టమునకును, సివిలు సర్వీసు పరీక్షకును కలిగినవారి బిడ్డలు పడమటి యోడల నెక్కుచుండిరి. ఆ దినములలోనే చేత పైకము లేని గోవా యువకు డొకడు పడమటి దిక్కు చూడక, నేపాళ సింహళ బర్మాదేశములనే తన కళాశాలలుగ చేసికొనెను. ఆయనయే ధర్మానంద దామోదర కోశాంబి. మరాటీ సాహిత్యమునను పాళీ పాండిత్యమునను ఆయన పేరు సుప్రసిద్ధము. తెలుగు పాఠకులు ఆయన చరిత్ర నెరుగుటకు రెండు ప్రత్యేక కారణములు గలవని మేము తలంచుచున్నాము. ఆయన జీవితకాల మంతయు వెంబడించిన గ్రంథమునకు తెలుగుదేశముతో సంబంధము గలదనుట మొదటిది. ఆ విద్యను ఆయన తుదకు మన కష్టజీవులు నివసించిన వాటికకే కొనిపోయెననుట రెండవది.

కోశాంబి 1876 అక్టోబరు 9వ తేదీన గోవాలోని సాంఖవాళ గ్రామమున సారస్వత బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. శరీరము దుర్బలము, బడిచదువు స్వల్పము, కొబ్బరితోట కాచుటయే ఇంటిపని. బాలుర కుద్దేశింపబడిన యొక మరాటీ పత్రికలో బుద్ధుని జీవితకథ చదివిన నాటినుండి ఆ ధర్మము నెరుగవలెనను కోరిక ఆయనను విడువలేదు. దానిని నేర్పువాడు గోవాలో లేడు. 1899లో ఆయన ఇల్లు విడిచెను. అప్పటికే వివాహమై ఒక పసిబిడ్డ గలదు. పూనాలో సంస్కృతాభ్యాసమునకు దారి వెదకి, కాశి చేరి, అన్నసత్రములలో భుజించుచు వ్యాకరణ కావ్యములు చదివెను. సంస్కృతము ఆయనకు గమ్యము కాదు, మెట్టు మాత్రమే.

బౌద్ధము నేపాళమున సజీవముగ నున్నదని విని 1902లో ఆ కొండల దారి పట్టెను. అచట స్తూపములు గలవు, దేవతలు గలరు, గృహస్థులైన పురోహితులు గలరు. తాను చదివిన భిక్షుజీవితము మాత్రము కానరాలేదు. జంతుబలులును కన్నులబడెను. ఇట్టి యాశాభంగము పలువురిని ఇంటిదారి పట్టించును. కోశాంబి బుద్ధగయకు మరలి, పాళీ త్రిపిటకమును గురుముఖమున చదువవలెనన్న సింహళమునకు పోవలెనని తెలిసికొని, కలకత్తా మీదుగ మదరాసు చేరి, దారిలో పరుల సాయము యాచించుచు కొలంబో నగరము ప్రవేశించెను. అచట విద్యోదయ విద్యాలయమున సుమంగళ మహాస్థవిరుని యొద్ద అదే సంవత్సరమున శ్రామణేరుడయ్యెను.

పాళీభాషకు తనదైన లిపి లేదు. ఏ దేశమువారు ఆ దేశపు లిపిలోనే దానిని వ్రాసికొందురు. కావున విద్యార్థి మొదట సింహళాక్షరములు దిద్దవలసివచ్చెను. ఆ ద్వీపపు టాహారము సరిపడక దేహము క్షీణింపగా 1903లో మదరాసునకు వచ్చి, ఆచార్య పోకల లక్ష్మీనరసు, సింగారవేలు మున్నగు బౌద్ధాభిమానుల పరిచయము సంపాదించెను. తరువాత బర్మా యాత్ర. అచట మరల అక్షరాభ్యాసము! సింహళమున చదివిన సూత్రములే బర్మాలో వేరు లిపిలో, వేరు ఉచ్చారణతో ఎదురయ్యెను. దక్షిణభారత లిపులనుండి పుట్టిన ఆ గుండ్రని యక్షరములు తెలుగువాని కంటికి చుట్టములవలె తోచును. ఆ దేశపు మోనులకు కలిగిన తలైంగు లను పేరు తెలింగ శబ్దమునుండి వచ్చినదని కొందరు పండితుల మతము. కోశాంబి అచట విహారములలో ధ్యానము నభ్యసించెను. ఒకే ధర్మము ఒక్కొక్క దేశమున ఒక్కొక్క వేషము ధరించుననియు, వేషమును జూచి ధర్మమును నిర్ణయింపరాదనియు ఆయన నేర్చిన పాఠము గ్రంథములనుండి కాక ఈ యాత్రలనుండియే వచ్చినది.

ఈ యాత్రలలో ఆయన చేజిక్కిన మహాగ్రంథము విసుద్ధిమగ్గము. క్రీస్తుశకము అయిదవ శతాబ్దమున సింహళమందలి అనురాధపుర మహావిహారమున బుద్ధఘోషాచార్యుడు దానిని రచించెను. ఆ యాచార్యుడు బుద్ధగయ ప్రాంతపు బ్రాహ్మణుడని సింహళ వంశచరిత్ర చెప్పుచున్నది. కోశాంబి దానిని అంగీకరింపలేదు. సాక్షి వాఙ్మూలమును పరీక్షించు న్యాయవాదివలె ఆయన గ్రంథములనే శోధించి, ఉత్తరదేశపు పరిచయము గాని వైదిక విద్య గాని వానిలో బలముగ కానరాదనియు, రైతు జీవనపు టెరుక కానవచ్చుననియు వాదించి, బుద్ధఘోషుడు దక్షిణదేశీయుడు, తెలుగువాడై యుండునని తలచెను. గ్రంథాంతమున మోరండఖేటక మను నూరి పేరు గలదు. నెమలిగ్రుడ్ల యూరని దాని కర్థము. పూర్వపు గుంటూరు మండలమందలి కోటనెమలిపురి, గుండ్లపల్లి గ్రామములతో కొందరు పరిశోధకులు దానిని పోల్చిరి. ఇది తుదితీర్పు కాకపోవచ్చును. అయినను అమరావతి, నాగార్జునకొండ మనవియని చెప్పుకొను మనలో ఎందరు ఈ వ్యాజ్యపు కాగితములు తిరుగవేసిరి?

1906లో కోశాంబి కలకత్తాకు మరలి పాళీ బోధకుడయ్యెను. అచట ఎక్కువ వేతనము లభించుచుండగా, మహారాష్ట్రమున నివసించి ఏటేట నొక గ్రంథము వ్రాయవలెనను నియమముతో బరోడా గాయకవాడు మహారాజు ఇచ్చిన నెలకు 50 రూపాయల వృత్తినే ఆయన వరించెను. తన ప్రజల భాషలో తాను నేర్చినది చెప్పవలెననుటయే ఇందలి కారణము. 1910లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము విసుద్ధిమగ్గ పరిష్కరణమునకై ఆయనను పిలిచెను. వారెను పండితుడు అసంపూర్తిగ విడిచిపోయిన పని అది. సంపాదకత్వ గౌరవము విషయమున లాన్మను పండితునితో పొసగక కోశాంబి 1912లో మరలివచ్చి, పూనాలోని ఫెర్గుసను కళాశాలలో పాళీ బోధించెను. దేవనాగరిలో ఆయన పరిష్కరించిన విసుద్ధిమగ్గమును 1940లో బొంబాయి భారతీయ విద్యాభవనము ప్రకటించెను. హార్వర్డు ప్రతి 1950లో, ఆయన మరణించిన మూడేండ్లకు గాని వెలువడలేదు. ఈ నడుమ 1930 ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని ఆయన కారాగారమునకును పోయివచ్చెను.

ఇక బొంబాయి సంగతి. నేడు ముంబయి యనబడు ఆ నగరమును కట్టిన చేతులలో తెలుగుచేతులు తక్కువవి కావు. నిజాము రాజ్యమునుండి కట్టడపు పనులకు వలసపోయిన మనవారిని అచటివారు కామాఠీ లనిరి. వారి నివాసము కామాఠిపురమయ్యెను. తరువాతి కాలమున ఆ పేరు లోకమున వేరొక అపకీర్తితో వినబడినను, అది మూలమున కష్టజీవుల పేరని మనము మరువరాదు. జ్యోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగ నిలిచినవారిలో జాయా కరాడీ లింగు, వ్యంకూ బాలాజీ కాలేవారు వంటి తెలుగువారుండిరి. ఆ వెనుక తెలంగాణపు పద్మశాలీలు నూలుమిల్లులకు వచ్చి పరేలు, వర్లీ, ప్రభాదేవి చాళ్లలో కాపురముండిరి. ఒక్క గదిలో ఒక కుటుంబము, వసారా చివర కొళాయి. మిల్లుకూత వినబడగానే లేచుట, మరల కూత వినబడువరకు మగ్గము ముందు నిలుచుట. ఇదియే ఆ చాళ్ల దినచర్య.

1937లో కోశాంబి తన విహారమును స్థాపించుటకు ఎన్నుకొన్నది ఈ మిల్లుల వాటికనే. బిర్లాల ద్రవ్యసహాయముతో పరేలులో వెలసిన దానికి బహుజన విహార మని పేరిడెను. పండితులకు సదుపాయమైన పేట వెదకుకొనుట ఆయనకు కష్టము కాదు. అస్పృశ్యులని త్రోసివేయబడినవారును, మిల్లుకూలీలును నడచి రాగల చోటు కావలెనని ఆయన కోరెను. విహారమున ఆయన నివసించినది కొలది యేండ్లే. దానివలన వాటిక మారిపోయెనని మేము చెప్పజాలము. కాని కొలంబో, రంగూను, హార్వర్డులలో సంపాదించిన విద్యను పరేలు కూలీ యెదుట నిలిపినవాడు మన విద్యావంతులలో మరియొకడు సులభముగ కనబడడు. 1956లో డాక్టరు అంబేద్కరు లక్షలాది జనముతో బౌద్ధము స్వీకరించుటకు రెండు దశాబ్దముల ముందటి మాట ఇది.

ఆయన జీవితమున లోపము లేదని చెప్పుట సత్యము కాదు. విద్యకై ఇల్లు విడిచిన ఆ యేండ్లలో భార్య బాలాబాయి పసిబిడ్డతో నిరీక్షించెను. యాత్రికుని కీర్తిలో ఆ నిరీక్షణకు పాలు పెట్టువారు లేరు. ఆయన కుమారుడు దామోదరుడు గణితజ్ఞుడుగను చరిత్రకారుడుగను ప్రఖ్యాతి గాంచెను. ఆ ప్రఖ్యాతికిని తల్లి యోర్పు పునాది యని మేము తలంచుచున్నాము. వార్ధక్యమున రోగపీడితుడై, ఇతరులకు భారము కారాదని అన్నపానీయములు త్యజింప నెంచి, 1947 జూను 4వ తేదీన సేవాగ్రామమున కోశాంబి తనువు చాలించెను.

1982 సమ్మె వెనుక బొంబాయి మిల్లులు ఒక్కొక్కటిగ మూతబడెను. మిల్లులుండిన పెక్కు తావుల ఆకాశహర్మ్యములు లేచినవి. తెలుగు చాళ్లు కొన్ని కూలినవి, కొన్ని మిగిలినవి. రాజధానియందలి మన న్యాయవాదులు, వైద్యులు, ఉపాధ్యాయులు పట్టములు పుచ్చుకొని తమతమ పేటలలో సుఖముగ నున్నారు. అందులో మేమును చేరినవారమే. ఎవరి చెమటవలన మన నగరములు లేచినవో వారి వాకిటికి మన విద్యలో నెంత చేరినదని లెక్క చూచుకొనిన, జమాపుట చిన్నదిగనే యుండును. కోశాంబివలె దేశములు తిరుగుట అందరికి సాధ్యము కాదు. వారమున కొక సాయంకాలము ఒక చాళ్ల వసారాలో కూర్చుండి, అర్జీ వ్రాసిపెట్టుటయో, రోగిని చూచుటయో, పిల్లలకు పాఠము చెప్పుటయో మాత్రము అసాధ్యము కాదు. ఆయన బౌద్ధము మనకు సమ్మతమైనను కాకున్నను, విద్య తీసికొన్నవాడు తిరిగి ఇయ్యవలసిన ఋణ మొకటి గలదని ఆయన జీవితము నిరూపించినది. ఆ ఋణమునకు కాలదోషము పట్టదు.