లూయీ బ్రెయిలీ

ఫ్రాన్సు దేశమున, పారిసు నగరమునకు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరమున కూవ్రే అను చిన్న గ్రామము కలదు. 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన లూయీ బ్రెయిలీ ఆ గ్రామమున జన్మించెను. ఆతని తండ్రి గుఱ్ఱములకు జీనులు కుట్టి జీవించుచుండెను. మూడేండ్ల వయసున లూయీ, తండ్రి పనిచేయు గదిలో ఆడుకొనుచు, తోలును తొలుచు ఆరెను చేతబట్టెను. అది జారి కంటిలో గ్రుచ్చుకొనెను. ఆ గాయము చీముపట్టి, రెండవ కంటికిని ప్రాకెను. ఐదేండ్లు వచ్చుసరికి ఆ బాలునకు లోకమంతయు చీకటియయ్యెను.

తలిదండ్రులు అధైర్యపడక కుమారుని ఊరి బడికి పంపిరి. ఆతడు పాఠములను విని నేర్చుకొనుచు తెలివిగల విద్యార్థి యనిపించుకొనెను. 1819లో పారిసులోని అంధబాలుర పాఠశాలలో చేరెను. వాలంటీన్ హావీ అను ఉదారుడు స్థాపించిన ఆ పాఠశాలలో, మామూలు అక్షరములనే కాగితముపై ఉబ్బెత్తుగా ముద్రించిన పుస్తకములు కొన్ని యుండెను. అవి మిక్కిలి పెద్దవి, బరువైనవి. ఒక్కొక్క అక్షరమును తడిమి పోల్చుకొనుటకు చాల సేపు పట్టుచుండెను. పైగా అట్టి అక్షరములను విద్యార్థులు తమంత తాము వ్రాయజాలకుండిరి. కంటికొఱకు పుట్టిన అక్షరములు వ్రేలికి అనుకూలింపకుండెను.

1821లో షార్ల్ బార్బియే అను మాజీ సైనికాధికారి కల్పించిన చుక్కల లిపి ఆ పాఠశాలకు వచ్చెను. గీతకంటె చుక్కను వ్రేలు సులభముగా గుర్తించునని లూయీ గ్రహించెను. కాని అందు ఒక్కొక్క గుర్తునకు 12 చుక్కల వఱకు ఉండుటచే అది వ్రేలికొన క్రింద ఇముడకుండెను. అది ధ్వనులను తెలుపునే కాని, వర్ణక్రమమును తెలుపదు. లూయీ ఆ లోపములను తొలగింప బూనుకొని, 1824లో, తన పదునైదవ యేట, ఆఱు చుక్కల లిపిని రూపొందించెను. నిలువుగా మూడేసి చుక్కలు గల రెండు వరుసలలో కొన్నిటిని ఉంచి, కొన్నిటిని విడుచుటచే 63 గుర్తులు ఏర్పడును. అక్షరములు, అంకెలు, విరామచిహ్నములు, సంగీత స్వరములు అన్నియు అందిమిడెను. ఆరెవలె మొనగల చిన్న పనిముట్టుతో కాగితముపై పొడిచి ఎవరికి వారే వ్రాసికొనవచ్చును. 1829లో ఆతడు ఈ పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించెను.

తాను చదివిన పాఠశాలయందే బ్రెయిలీ ఉపాధ్యాయుడయ్యెను. విద్యార్థులు ఆ లిపిని ప్రీతితో నేర్చిరి. కాని 1840లో వచ్చిన క్రొత్త అధ్యక్షుడు దానిని నిషేధించెను. అంధులకు వేఱు లిపి యున్నచో వారు చూపుగలవారికి దూరమగుదురని కొందఱు పెద్దలు తలంచుచుండిరి. అయినను విద్యార్థులు చాటుగా ఆ చుక్కలతోనే వ్రాసికొనుచుండిరి. తుదకు 1844లో, నూతన భవన ప్రారంభోత్సవ సభలో, ఆ లిపిలో వ్రాయుటయు చదువుటయు ఎల్లరకు చూపబడెను. నిషేధము తొలగెను.

క్షయరోగముచే చిరకాలము బాధపడి, బ్రెయిలీ 1852 జనవరి 6వ తేదీన కన్నుమూసెను. రెండేండ్ల తరువాత ఆ పాఠశాల ఆతని లిపిని అధికారికముగా స్వీకరించెను. 1952లో ఫ్రెంచి ప్రజలు ఆతని అస్థికలను పారిసులోని పాంథియన్ మందిరమునకు గొనిపోయిరి.

మన దేశమున 1951లో భారతీయ భాషలకు ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ ఏర్పడెను. తెలుగు అకారమునకు అందు ఒకే చుక్క. నేడు కంప్యూటరుకు జోడించు పరికరములలో సన్నని మొనలు లేచి, తెరపైనున్న పాఠమును వ్రేళ్లకు చదివించుచున్నవి. అయితే పాఠములోని బొమ్మకు మాటలలో వివరణ చేర్పనిచో, ఆ వ్రేళ్లకు దొరకునది శూన్యమే. చదువు సాధనమును చేయువాడు, దానిని వాడువాని అవసరమును ముందెఱుగవలెను. రెండువందల యేండ్ల క్రిందట ఒక అంధబాలుడు ఆఱు చుక్కలతో ఈ సత్యమును లోకమునకు నేర్పెను.