కొడుకు వెంటే నడిచిన తల్లి

ఆగస్టు 27న కాథలిక్కులు తల్లుల పాలక పునీతురాలు మోనికాను స్మరిస్తారు. నాలుగో శతాబ్దంలో, నేటి అల్జీరియాలోని తగాస్తేలో ఆమె కాపురం. భర్త ముక్కోపి. కొడుకు అగస్టీన్ చదువులో మెరిక, కానీ తల్లి నమ్మిన దారి వదిలేశాడు. ఒక దశలో అతన్ని ఆమె ఇంట్లోకే రానివ్వలేదు. అతనికి నచ్చజెప్పమని ఓ బిషప్ దగ్గర కన్నీళ్లు పెట్టుకుంటే, కొన్నాళ్లు వదిలేయమని, చదివి చదివి తానే తెలుసుకుంటాడని ఆయన చెప్పారు. వదిలేయడం ఏ తల్లికి తేలిక? 383లో అగస్టీన్ అబద్ధం చెప్పి, రాత్రికి రాత్రే కార్తేజ్‌లో ఓడెక్కి రోమ్ వెళ్లిపోయాడు. ఆమె సముద్రం దాటి మిలాన్‌లో అతన్ని చేరుకున్నారు. 387 ఈస్టర్‌కు అతను బాప్తిస్మం పొందాడు. అదే ఏడాది, ఇంటికి తిరిగొచ్చే దారిలో, ఓస్టియా రేవులో 56వ ఏట మోనికా కన్నుమూశారు. సొంతూళ్లో భర్త పక్కన సిద్ధం చేసుకున్న సమాధి ఊసు చివర్లో ఆమె ఎత్తలేదు.