కంప్యూటర్‌తో బొమ్మా బొరుసూ వేయించిన ట్యూరింగ్

మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్‌లో బాబు పేరో, పాప పుట్టినరోజో ఉందా? రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆపరేటర్లు కూడా ఇలాంటి పనే చేశారు!

అలన్ ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్‌లో పుట్టారు. నాన్నగారు మద్రాసు ప్రెసిడెన్సీలో ఐ.సి.ఎస్. అధికారి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోనే ఉండేవి. అమ్మానాన్నలు ఇక్కడుంటే, అన్నదమ్ములిద్దరూ ఎక్కువగా ఇంగ్లండ్‌లో వేరే కుటుంబం దగ్గర పెరిగారు. 1936లో, ఇంకా కంప్యూటర్ అన్నదే లేని రోజుల్లో, దాని ఆలోచనకు ట్యూరింగ్ గణిత రూపం ఇచ్చారు.

యుద్ధకాలంలో ఆయన బ్లెచ్లీ పార్క్‌లో ఎనిగ్మా కోడ్ ఛేదించే పనిలో ఉన్నారు. ఎనిగ్మా మెషిన్ గట్టిదే, మనుషులే వీక్. మీకు తోచిన మూడు అక్షరాలు ఎంచుకోండి అంటే కొందరు ఆపరేటర్లు ప్రియురాలి పేరులోంచి తీసేవారు, లేదా కీబోర్డు మీద పక్కపక్కన ఉన్నవి కొట్టేవారు. బ్లెచ్లీ వాళ్లకు ఆ అలవాట్లే తాళంచెవులయ్యాయి.

కంప్యూటర్‌కి ఇంకో చిక్కు ఉంది. అదే లెక్క మళ్లీ చేస్తే అదే జవాబు వస్తుంది. నాణెం ఎగరేసినట్టు ఊహకందని అంకె దానంతట అది ఇవ్వలేదు. అందుకే 1951లో మాంచెస్టర్ యూనివర్సిటీకి వచ్చిన ఫెరాంటి మార్క్ 1లో, ట్యూరింగ్ సూచన మేరకు, ఒక ప్రత్యేక ఏర్పాటు పెట్టారు. పాత రేడియోలో స్టేషన్ దొరకనప్పుడు బుస్సుమంటుందే, అలాంటి ఎలక్ట్రానిక్ నాయిస్ నుంచి ఒకేసారి 20 రాండమ్ బిట్లు తీసుకునేది. క్రిస్టఫర్ స్ట్రేచీ అనే ప్రోగ్రామర్ దాన్ని వాడి కంప్యూటర్‌తో ప్రేమలేఖలు రాయించారు! (జవాబులు వచ్చి ఉండవులెండి.)

1952లో స్వలింగ సంబంధం నేరమంటూ కోర్టు ట్యూరింగ్‌ని శిక్షించింది. రహస్య కోడ్ల పనికి ఆయన్ని దూరం పెట్టారు. దేశం కోసం అంత చేసిన మనిషికి జరిగిన ఈ అన్యాయం చదివితే మనసు కలుక్కుమంటుంది. 1954 జూన్ 7న, 41 ఏళ్లకే చనిపోయారు. రాణి క్షమాభిక్ష 2013లో వచ్చింది.

బుస్సుమనే ఆ నాయిస్ పద్ధతి మాత్రం నేటి చిప్‌లలోనూ ఉంది. కీబోర్డు ఎప్పుడు నొక్కారు, డిస్క్ ఎంతసేపట్లో బదులిచ్చింది లాంటి చిన్న చిన్న తేడాలను ఆపరేటింగ్ సిస్టమ్ ఎంట్రోపీ పూల్ అనే చోట పోగేస్తుంది. మీ బ్యాంక్ యాప్ వాడే రహస్య తాళాలు అక్కడి నుంచే తయారవుతాయి. అప్పుడే ఆన్ చేసిన మెషిన్‌లో ఆ పూల్ దాదాపు ఖాళీ. అప్పుడు చిప్‌లోని నాయిస్ బాగా ఆదుకుంటుంది. అయినా లినక్స్ లాంటి సిస్టమ్ దాన్ని నేరుగా వాడదు. పులిహోర కలిపినట్టు మిగతావాటితో బాగా కలిపేస్తుంది. ఒకటి పాడైనా, మిగతావాటిలో ఊహకందనిది తగినంత ఉంటే తాళం దొంగకు దొరకదు.